రెండు తాళంచెవుల పెట్టె

పెన్నాగరంలో చింతపండు కాలం వస్తే ఏ పంచ చూసినా ఒక గుట్ట కనిపిస్తుంది. పెంకు కొట్టడం, ఈనెలు లాగడం, గింజ తీయడం, పండును గంపలో వేయడం. పొద్దున కూర్చున్న ఆడవాళ్లు దీపాలు పెట్టే వేళకు గానీ లేవరు. హొగెనక్కల్ జలపాతానికి పోయే కార్లూ బస్సులూ ఈ ఊరి మీదుగానే పోతాయి, కానీ వాటిలో కూర్చున్నవాళ్లకు ఈ పంచలు కనపడవు.

నేను దిగింది తెలుగు మాట్లాడే ఇల్లు. బజారులో తమిళం, ఏటి అవతలి చుట్టాలతో కన్నడం, గడప లోపల తెలుగు. ఇంటి పెద్దాయన ఒక సహకార బ్యాంకు కౌంటర్‌లో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యారు. ఇప్పుడు ఊళ్ళో పింఛనుదారులకు అర్జీలు రాసిపెడుతుంటారు. ఆయన చెల్లెలి కొడుకు బెంగళూరులో పనిచేస్తాడు. ఇతర కంపెనీల కంప్యూటర్ల మీద రాత్రింబవళ్లు కాపలా కాసే సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్‌లో అతనిది షిఫ్టు ఉద్యోగం. సెలవుకు వచ్చాడు. వాళ్లు ఒకరినొకరు పిలుచుకున్నట్టే నేనూ మామ, అల్లుడు, అత్త అనే రాస్తాను.

మాట అత్త బొటనవేలి దగ్గర మొదలైంది. ఆమె చెయ్యి చాపి చూపించింది. చింతపండు పులుపుకు తోలు తెల్లగా ఉబ్బి ఉంది. ఏళ్ల తరబడి సుత్తి పట్టిన వేలు, గీతలు దాదాపు చెరిగిపోయాయి. అద్దంలా నున్నగా మెరుస్తోంది.

అత్త: ఉరిమై తొగై డబ్బు పడిందంటే మిషన్ అబ్బాయి దగ్గరికి పోయినా. వేలు పెట్టమన్నాడు, పెట్టినా. పడలేదు, మళ్ళీ పెట్టు అన్నాడు. కొంగుకు తుడుచుకుని పెట్టినా. ఇంకోసారి అన్నాడు. మూడోసారికి వెయ్యి చేతిలో పెట్టాడు. పాసుబుక్కులో ఎక్కిస్తే రెండు వేలు పోయినట్టుంది.

అల్లుడు: రసీదు?

అత్త: కాగితం అయిపోయిందన్నాడు.

మామ: బ్యాంకుకు పోయి అడిగితే, వేలిముద్ర ఆమెదే, లావాదేవీ సరిగ్గానే జరిగింది అన్నారు. రెండు నెలలైంది. చూశావా అల్లుడూ, మీ ప్రైవేటువాళ్ల చేతికి కౌంటర్ ఇస్తే ఇలా ఉంటుంది. 2023 జులైలో ఈ ఉరిమై తొగై పథకానికి దరఖాస్తులు తీసుకునే శిబిరాలను ముఖ్యమంత్రి స్టాలిన్ మన ధర్మపురి జిల్లా తొప్పూరులోనే మొదలుపెట్టారు. నెలకు వెయ్యి, ఆడవాళ్ల హక్కు అన్నారు. ప్రభుత్వం తన పని చేసింది. ఆఖరి గజం దూరంలో ప్రైవేటు మనిషి చేతిలో పోయింది.

అల్లుడు: ఆఖరి గజంలో ఒక్కడే ఉన్నాడా మామా? డబ్బు రాష్ట్ర ప్రభుత్వానిది. ఖాతా బ్యాంకుది. వేలిముద్ర సరిచూసేది ఆధార్ సంస్థ, అది కేంద్రానిది. ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు కబురు మోసేది ఎన్‌పీసీఐ. దాన్ని రిజర్వ్ బ్యాంకు, బ్యాంకుల సంఘం కలిసి పెట్టాయి, యజమానులు బ్యాంకులు. మిషన్ ఒక కంపెనీది. దాన్ని పట్టుకున్న అబ్బాయి కమీషన్ మీద బతికేవాడు. ఆరు చేతులు మారింది. ఇందులో సర్కారెక్కడ ఆగింది, ప్రైవేటెక్కడ మొదలైంది?

మామ: అందుకే కదా చట్టం గట్టిగా ఉండాలనేది. ఆరు చేతులున్నచోట ఎవరి చెయ్యి తడిసిందో చెప్పించేది చట్టమే. 2022 ఏప్రిల్ 28న కేంద్రం సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశం ఇచ్చింది. సైబర్ దాడి జరిగినట్టు గమనిస్తే ఆరు గంటల్లో మాకు చెప్పాలి, లాగ్‌లు 180 రోజులు దేశంలోనే దాచాలి అంది. కంపెనీలు ఎంత గోల చేశాయి! పదకొండు అంతర్జాతీయ వ్యాపార సంఘాలు కలిసి ఉత్తరం రాశాయి. వీపీఎన్ కంపెనీలు కొన్ని సర్వర్లు ఎత్తుకుని దేశం దాటిపోయాయి. చెప్పమన్నందుకే అంత భయం దేనికి?

అల్లుడు: ఆ ఆరు గంటలు ఎలా ఉంటాయో నేను కూర్చుని చూస్తాను మామా, మీరు కాగితం మీద చూస్తారు. రాత్రి రెండింటికి తెర మీద హెచ్చరిక పడుతుంది. ఒక సర్వర్ నుంచి ఎప్పుడూ లేనంత డేటా బయటికి పోతోంది. అది దొంగేనా, లేక బ్యాకప్ టైం మార్చిన ఇంజినీరు మాకు చెప్పడం మరిచాడా? ఆ యంత్రాన్ని నెట్‌వర్క్ నుంచి విడదీస్తే క్లయింటు కౌంటర్లన్నీ ఆగిపోతాయి. విడదీయకపోతే, దొంగే అయితే, పక్క గదిలోకి పోతాడు. ఇద్దరం ఉంటాం షిఫ్టులో. ఆ సమయంలో కూర్చుని ఫారం నింపాలంటారు. ఐరోపాలో తొలి కబురుకు 24 గంటలు ఇచ్చారు, తొలి అంచనాతో పంపే నివేదికకు 72 గంటలు. వాళ్లకు భద్రత అక్కర్లేదా?

మామ: తెలిసినంత చెప్పు, మిగతాది తర్వాత పంపు అని సెర్ట్-ఇన్ వివరణలో ఉంది. చిన్న పరిశ్రమలకు సెప్టెంబర్ 25 దాకా గడువు పొడిగించారు కూడా. నా మాట విను. మా బ్యాంకులో పెట్టెకు రెండు తాళంచెవులు. ఒకటి మేనేజర్ దగ్గర, ఒకటి నా దగ్గర. ఇద్దరం నిలబడితేనే పెట్టె తెరుచుకునేది. సాయంత్రం లెక్క కట్టేటప్పుడు యాభై రూపాయలు తేడా వచ్చినా సరే, షట్టర్ దించకముందే మేనేజరుకు చెప్పాలి. ఎందుకు తేడా వచ్చిందో తేలాక చెప్తాను అనే హక్కు నాకు లేదు. తేడా ఉంది అన్న మాట ముందు. కారణం తర్వాత. ఒక రాత్రి పదకొండు దాకా కూర్చున్నాను, కట్టలో ఒక నోటు ఎక్కువ కట్టినందుకు. అప్పుడు నాకు వచ్చే జీతం ఎంతో తెలుసా? నాకు లేని మినహాయింపు కోట్ల కంపెనీకి దేనికి?

అల్లుడు వెంటనే జవాబు చెప్పలేదు. నాకు ఆ మౌనం నచ్చింది. మామ మాటలో బలముంది. దాడి జరిగిందని చెప్పడానికీ, ఎలా జరిగిందో చెప్పడానికీ మధ్య తేడా చాలా కంపెనీలు కావాలనే చెరిపేస్తాయి. విచారణ నడుస్తోంది అన్న ముక్క వెనక నెలలు దాక్కోవచ్చు.

అల్లుడు: సరే, యాభై రూపాయలు తేడా అని చెప్పినందుకు మేనేజరు మిమ్మల్ని జైల్లో పెట్టిస్తానన్నాడా?

మామ: లేదు. తిట్టేవాడు.

అల్లుడు: మాకు ఐటీ చట్టం 70బీ ఉంది. సెర్ట్-ఇన్ అడిగింది ఇవ్వకపోతే ఏడాది దాకా జైలు. జరిమానా ఒకప్పుడు లక్ష దాకా, 2023లో జన విశ్వాస్ చట్టంతో కోటి దాకా చేశారు. దాంతో ఏమైందో చెప్పనా? ఏదైనా జరిగితే మా క్లయింటు మొదటి ఫోన్ ఇంజినీరుకు చేయడు, లాయరుకు చేస్తాడు. ఫారంలో ఏ మాట రాయకూడదో లాయరు చెప్తాడు. తక్కువ చెప్పడానికి మనుషుల్ని తయారు చేసే చట్టం అది. అమెరికాలో 2015లో చేసిన చట్టం ఇంకో దారి పట్టింది. మంచి మనసుతో దాడి వివరాలు పంచుకున్న కంపెనీ మీద, పంచుకున్నందుకు దావా వేయకూడదు అంది. చెప్పినవాడికి గొడుగు పట్టాలి మామా, బెత్తం కాదు.

మామ: గొడుగు పట్టుకున్న వాడు ఇల్లు సరిగ్గా కట్టుకున్నాడా లేదా ఎవరు చూస్తారు? హైదరాబాద్ మహేష్ బ్యాంకు సంగతి మరిచావా?

ఇక్కడ మామ లోపలికి వెళ్ళి ఒక పసుపు పచ్చ ఫైలు తెచ్చారు. పేపరు కత్తిరింపులు, సర్క్యులర్ల జిరాక్సులు, అంచులకు నూనె మరకలు. సహకార బ్యాంకులో చేసినవాడికి సహకార బ్యాంకుకు కన్నం పడిన వార్త సొంత ఇంటి వార్తలాగే ఉంటుంది.

మామ: 2022 జనవరి. ఏపీ మహేష్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు. ఉద్యోగులకు దొంగ మెయిళ్లు పంపారు, ఎవరో తెరిచారు, దొంగలు లోపలికి వచ్చి కూర్చున్నారు. అదను చూసి 12 కోట్ల 48 లక్షలు వేరే ఖాతాల్లోకి తోసేశారు. అక్కడి నుంచి దేశం నిండా వందల ఖాతాలకు పంచేశారు. హైదరాబాద్ పోలీసులు దర్యాప్తు చేసి, బ్యాంకులో కనీస జాగ్రత్తలు లేవన్నారు. పట్టణ సహకార బ్యాంకులు ఏమేం చేయాలో రిజర్వ్ బ్యాంకు 2018 అక్టోబరులోనే రాసి ఇచ్చింది. రాసి ఇచ్చాక మూడేళ్లు! 2023లో 65 లక్షల జరిమానా వేసింది. బెత్తం లేకపోతే వాళ్లు ఇప్పటికీ కదిలేవాళ్లు కాదు.

అల్లుడు: ఆ కాగితం అందుకున్న చిన్న బ్యాంకులో ఎంతమంది కంప్యూటర్ తెలిసినవాళ్లుంటారు మామా? మీ బ్యాంకులో ఎందరు?

మామ: ...ఒకడు. వాడే ప్రింటరు కూడా బాగుచేసేవాడు.

అల్లుడు: అదీ సంగతి. అందుకని చిన్న బ్యాంకులన్నీ కలిసి ఒకే పెద్ద కంపెనీ దగ్గర సాఫ్ట్‌వేర్ అద్దెకు తీసుకుంటాయి. ఆ ఒక్క కంపెనీకి జ్వరం వస్తే అన్నీ పడుకుంటాయి. 2024 జులై 31 గుర్తుందా? సీ-ఎడ్జ్ టెక్నాలజీస్ మీద రాన్సమ్‌వేర్ పడింది. టీసీఎస్, స్టేట్ బ్యాంకు కలిసి పెట్టిన కంపెనీ అది. సహకార బ్యాంకులు, గ్రామీణ బ్యాంకులు, దాదాపు మూడు వందల చిన్న బ్యాంకులకు యూపీఐ లేదు, ఏటీఎం లేదు.

మామ: గుర్తుంది. మర్నాటికి తేరుకున్నాయి.

అల్లుడు: ఎలా తేరుకున్నాయి? ఎన్‌పీసీఐ ఆ కంపెనీని మిగతా వ్యవస్థ నుంచి వేరు చేసేసింది, తెగులు పట్టిన మేకను మందలోంచి విడదీసినట్టు. ఆ సంగతి బయటికి ప్రకటించింది. కంపెనీ తలుపులు తెరిచి పరీక్షకు ఒప్పుకుంది. శుభ్రంగా ఉందని తేలాక మళ్ళీ కలిపారు. ఒకరి మీద ఒకరు కేసు పెట్టుకుంటూ కూర్చుంటే నెల పట్టేది. నేను చెప్పే సహకారం అదే. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లో రిజర్వ్ బ్యాంకు పెట్టిన ఐడీఆర్‌బీటీ ఉంది కదా, అక్కడ ఐబీ-కార్ట్ అని ఒక ఏర్పాటు నడుస్తోంది. నా దగ్గర ఇలాంటి దాడి జరిగింది, జాగ్రత్త అని ఒక బ్యాంకు మిగతా బ్యాంకులకు పేరు చెప్పకుండానే చెప్పొచ్చు. పేరు బయటపడదంటే నోరు పెగులుతుంది. సైబరాబాద్‌లో 2006 నుంచి పోలీసులు, ఐటీ కంపెనీలు కలిసి సెక్యూరిటీ కౌన్సిల్ నడుపుకుంటున్నాయి. ఒకే బల్ల చుట్టూ కూర్చునేవాళ్లు ఫోన్ ఎత్తుతారు మామా. నోటీసు పంపేవాళ్లకు నోటీసే తిరిగొస్తుంది.

మామ: బల్ల చుట్టూ కూర్చోవడం మంచిదే. ఎవరు కూర్చోవాలో ఎవరు తేలుస్తారు? ఇది కొత్త మాటా? 2012 అక్టోబరులో శివశంకర్ మేనన్ జాతీయ భద్రతా సలహాదారుగా ఉన్నప్పుడు, ప్రభుత్వం, ప్రైవేటు రంగం సైబర్ భద్రతలో ఎలా కలిసి నడవాలో నివేదిక విడుదల చేశారు. ఆ మరుసటి ఏడాది, 2013లో, జాతీయ సైబర్ భద్రతా విధానం వచ్చింది. అందులోనూ భాగస్వామ్యమే.

అల్లుడు: మీరే నా మాట అంటున్నారు. 2012లో కలిసి నడుద్దాం అన్నారు. పదేళ్ల తర్వాత 2022 ఆదేశం వచ్చినప్పుడు, ముసాయిదా ముందుగా జనం ముందు పెట్టి అభిప్రాయం అడిగారా? లేదు. వచ్చాక వివరణలు ఇచ్చారు, గడువులు జరిపారు. ముందే అడిగి ఉంటే ఆ రెండూ అక్కర్లేదు. మేము పంపిన కబురు లోపలికి పోతుంది. లోపల ఏమవుతుందో ఎవరికి తెలుసు? 2023 నవంబరులో సెర్ట్-ఇన్‌ను సమాచార హక్కు చట్టం నుంచే తప్పించారు. మమ్మల్ని ఆరు గంటల్లో చెప్పమంటారు, తాము ఎప్పటికీ చెప్పనక్కర్లేదంటారు.

మామ: దేశ భద్రత విషయాలు కొన్ని ఉంటాయి...

అల్లుడు: ఉంటాయి. కానీ ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్నింటికి జవాబిచ్చారు అనేది దేశ రహస్యమా? సంచార్ సాథీ సంగతి చూడండి. 2025 నవంబర్ చివర, అమ్మే ప్రతి కొత్త ఫోన్‌లోనూ ఆ యాప్ ముందే ఉండాలని టెలికాం శాఖ తయారీదారులకు ఆదేశమిచ్చింది. దేశమంతా గొడవైంది. డిసెంబర్ 3న వెనక్కి తీసుకుంది. యాప్ మంచిదే, పోయిన ఫోన్ పట్టిస్తుంది. మంచి మందును కూడా ముక్కు మూసి పోస్తే పిల్లాడు కక్కేస్తాడు.

మామ: అది మాత్రం తప్పే. ఒప్పుకుంటా. నా ఫోన్‌లో ఏముండాలో నన్ను అడగాలి.

మామ ఒప్పుకున్న తీరు చూసి అల్లుడు కాస్త మెత్తబడ్డాడు. గంప దగ్గరికి జరిగి తనూ రెండు కాయలు తీసుకుని ఈనెలు లాగడం మొదలుపెట్టాడు. వేళ్లు కీబోర్డుకు అలవాటుపడినవి, ఈనె మధ్యలో తెగిపోతోంది. అత్త అతని చేతిలోంచి కాయ లాక్కుని ఒక్క లాగులో తీసి చూపించింది.

మామ: సరే, నువ్వు చెప్పే సహకారానికి మచ్చ లేని ఉదాహరణ ఒకటి చెప్పు. సర్కారూ ప్రైవేటూ కలిస్తే మీ అత్తకు ఒరిగిందేంటో చెప్పు.

అల్లుడు: 1930.

మామ: ఫోన్ నంబరా?

అల్లుడు: దాని వెనక ఉన్నది చూడండి. హోం శాఖ కింద ఐ4సీ అని ఒక కేంద్రం. 2021 నుంచి బ్యాంకులు, వాలెట్లు, పేమెంట్ కంపెనీలు, రాష్ట్రాల పోలీసులు ఒకే వ్యవస్థలోకి వచ్చారు. మీరు 1930కి చేస్తే పోలీసు మీ ఖాతా, పోయిన మొత్తం, లావాదేవీ నంబరు అందులో ఎక్కిస్తాడు. అది మీ బ్యాంకుకు వెళ్తుంది. డబ్బు ఇంకో బ్యాంకుకు పోయి ఉంటే కబురు కూడా దాని వెనకే పరిగెడుతుంది. ఎక్కడ దొరికితే అక్కడ ఆ మొత్తాన్ని ఆపేస్తారు. ఒకప్పుడు ఒక పోలీసు స్టేషన్ నుంచి ఇంకో రాష్ట్రంలో బ్యాంకుకు ఉత్తరం పోయి జవాబు రావడానికి వారాలు పట్టేది. దొంగ పది నిమిషాల్లో ఐదు ఖాతాలు దాటించేవాడు. ఇప్పుడు ఇద్దరూ ఒకే వేగంతో పరిగెడుతున్నారు. ఈ వ్యవస్థ ఐదు వేల కోట్లకు పైగా కాపాడిందని పార్లమెంటులో చెప్పారు.

మామ: 2024 ఒక్క ఏడాదిలో జనం పోగొట్టుకున్నది 22,845 కోట్లని కూడా పార్లమెంటులోనే చెప్పారు. ఆ కత్తిరింపూ ఉంది నా ఫైల్లో.

అల్లుడు: కాదనను. కానీ ఆ ఐదు వేలు దేనివల్ల మిగిలాయి? జరిమానా వల్లనా? ఒకే తెర ముందు కూర్చోవడం వల్ల. 1930లో జైలు మాట లేదు, గంటల లెక్క ఉంది.

మామ: అయితే మీ అత్త వెయ్యి?

అల్లుడు: ఎప్పుడు ఫిర్యాదు చేశారు?

అత్త: మెసేజీలు పిల్లోడి ఫోనుకు పోతాయి. వాడు తిరుప్పూరు బనియన్ కంపెనీలో. షిఫ్టులో ఫోను పెట్టెలో పెట్టమంటారు. మూడో రోజు సాయంత్రం చూశాడు, అమ్మా రెండుసార్లు తీశావా అన్నాడు.

అల్లుడు: డబ్బు అప్పటికే నోట్లుగా బయటికొచ్చేసింది. ఆపడానికి ఖాతాలో ఏమీ మిగల్లేదు.

మామ: ఇది విను. 2017 జులై 6 రిజర్వ్ బ్యాంకు సర్క్యులర్. ఖాతాదారు తప్పు లేకుండా, వ్యవస్థలో ఇంకెక్కడో జరిగిన తప్పుకు డబ్బు పోతే, తెలిసిన మూడు పనిదినాల్లో చెప్తే పైసా నష్టం ఖాతాదారుకు ఉండకూడదు. పది పనిదినాల్లో ఖాతాలో తిరిగి వేయాలి. అన్నిటికంటే పెద్ద మాట, తప్పు ఖాతాదారుదే అని రుజువు చేసే భారం బ్యాంకుది. మీ అత్తది కాదు. సహకార బ్యాంకులకు అదే ఏడాది డిసెంబరులో ఇచ్చారు. నేను రిటైరయ్యే ముందు ఈ కాగితం నోటీసు బోర్డుకు అంటించింది నేనే.

అల్లుడు: అది మంచి కాగితం మామా. మరి బ్యాంకు ఏమంది? వేలిముద్ర ఆమెదే అంది. ముద్ర ఆమెదే అయితే తీసుకున్నది ఆమే అన్నట్టు. ఓటీపీ చెప్తే ఖాతాదారు తప్పు, పిన్ను చెప్తే ఖాతాదారు తప్పు. వేలు ఎక్కడ దాచుకోవాలి? 2018లో తెలంగాణలో పెద్దపల్లి వైపు ఒక సిమ్ కార్డుల అతను, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఉన్న దస్తావేజుల మీది వేలిముద్రలు దించి, రబ్బరు ముద్రలు చేసి, జనం పేర్ల మీద సిమ్‌లు తీశాడు. పొలం అమ్ముకున్నవాడు ముద్ర వేసింది ప్రభుత్వ కాగితం మీద. దాన్ని అందరికీ కనపడేలా పెట్టింది ప్రభుత్వం. వాడింది బయటివాడు. నష్టం ముద్ర వేసినవాడికి. ఆ తర్వాత 2023లో ఆధార్ సంస్థ, వేలు బతికున్న మనిషిదా కాదా తేల్చే కొత్త పరీక్ష పెట్టింది. దొంగ ముద్రకు అది అడ్డుకట్ట. కానీ అరిగిపోయిన నిజమైన వేలు మూడుసార్లు పెట్టించి, రెండుసార్లు పడ్డా ఒకసారే పడిందన్న మనిషికి ఏ పరీక్ష ఉంది?

అత్త చేతులు ఆపింది.

అత్త: నాకొకటి చెప్పండి. ఆ హైదరాబాదు బ్యాంకుకు అరవై ఐదు లక్షలు జరిమానా వేశారన్నారు కదా. అది ఎవరికిచ్చారు?

మామ అల్లుడి వైపు చూశారు. అల్లుడు ఫైలు వైపు చూశాడు.

మామ: రిజర్వ్ బ్యాంకుకు కడతారు.

అత్త: డబ్బు పోయినోళ్లకు?

మామ: ఆ జరిమానాలోంచి రాదు.

అల్లుడు: అత్తా, 2023లో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చింది. మన వివరాలు పట్టుకున్న కంపెనీ వాటిని సరిగ్గా కాపాడకపోతే 250 కోట్ల దాకా జరిమానా. దాని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. అందులో ఒక మంచి సంగతి ఉంది. వివరాలు బయటికి పోతే సర్కారుకు చెప్పి ఊరుకోవడం కాదు, ఎవరివి పోయాయో ఆ మనిషికీ చెప్పాలి. ఇప్పటిదాకా కంపెనీలకు అలాంటి బాధ్యత పెట్టిన చట్టం లేదు. అది అమలయ్యేది మాత్రం 2027 మేలో.

మామ: 250 కోట్లు ఎక్కడికి పోతాయో అది చెప్పు. చదివినవాడివి.

అల్లుడు: ...కేంద్ర ప్రభుత్వ సంచిత నిధికి.

మామ: ఇంకోటి కూడా చెప్పు. ఐటీ చట్టంలో 43ఏ ఉంది. కంపెనీ నిర్లక్ష్యం వల్ల నీ వివరాలు పోయి నష్టపోతే నీకు పరిహారం ఇవ్వాలని. కొత్త చట్టం పూర్తిగా అమల్లోకి వస్తే ఆ సెక్షను రద్దు. జరిమానా పెంచారు, పరిహారం తీసేశారు. సర్కారు నుంచి ఈ మాట నేను ఊహించలేదు అల్లుడూ. చట్టం గట్టిగా ఉండాలి అని పొద్దుటి నుంచి నీతో వాదిస్తున్నాను. నేనడిగిన గట్టిదనం ఇది కాదు.

అల్లుడు: మా పరిశ్రమ కూడా దీని మీద ఉత్తరం రాసిందని నేను వినలేదు మామా. ఆరు గంటల మీద రాసింది, వీపీఎన్ మీద రాసింది. 43ఏ పోతోందని పదకొండు సంఘాలు కలిసి ఏడ్చాయని వినలేదు.

ఇద్దరి మధ్యా పొద్దుటి నుంచి సాగిన పోరు ఇక్కడ పక్కకు ఒరిగింది. నేను నోట్సులో రాసుకున్నది ఇది: సర్కారు కంపెనీని చెప్పమంటుంది, కంపెనీ సర్కారును నమ్మమంటుంది, ఇద్దరూ పోట్లాడుకున్నా కలిసినా బల్ల మీద ఉండేవి వాళ్ల రెండు తాళంచెవులే. పెట్టెలో ఉన్నది ఎవరి డబ్బో ఆ మనిషిని ఏ విధానపత్రమూ కుర్చీ వేసి పిలవలేదు. మామ బ్యాంకులో కనీసం ఆ మనిషి కౌంటర్ అవతల నిలబడి కనపడేది. యాభై రూపాయలు తేడా వస్తే మర్నాడు పొద్దున్నే ఆమె ముందు నిలబడాలన్న సిగ్గు మామను రాత్రి పదకొండు దాకా కూర్చోబెట్టింది. ఆ సిగ్గును చట్టంలోకి ఎలా తేవాలో ఢిల్లీలో ఎవరైనా ఆలోచిస్తే బాగుండును. నాకు తోచిన మొదటి మెట్టు చాలా చిన్నది. వేలు పడలేదు అన్న ప్రతిసారీ, పడలేదు అని ఒక కాగితం ముక్క బయటికి రావాలి. కాగితం అయిపోతే మిషన్ ఆగిపోవాలి.

మామ: అర్జీ రాస్తాను. ముందు బ్యాంకుకు, 2017 సర్క్యులర్ జతచేసి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు. మూడో రోజు చెప్పాం, గడువు లోపలే ఉన్నాం.

అల్లుడు: మిషన్ లాగ్ అడగండి మామా. వేలు ఎన్నిసార్లు పడింది, ఏ సెకనుకు పడింది, అన్నీ ఉంటాయి. రెండు లావాదేవీల మధ్య ముప్పై సెకన్లు కూడా లేకపోతే, ఏ మనిషీ వెయ్యి లెక్కపెట్టుకుని మళ్ళీ వెయ్యి అడగదు. లాగ్‌లు 180 రోజులు దాచాలని మీ సెర్ట్-ఇన్ ఆదేశమే ఉందిగా.

మామ: ఇందాక దాన్నే తిట్టావు.

అల్లుడు: గంటల్ని తిట్టాను. లాగ్‌లను తిట్టలేదు.

మామ కాగితం, కలం తెచ్చుకున్నారు. అల్లుడు ఫోను తీసి, ఆధార్ వేలిముద్రకు తాళం వేసే సదుపాయం ఉందని అత్తకు చెప్పాడు. తాళం వేస్తే ఆ వేలితో ఎవరూ డబ్బు తీయలేరు. ఆమె కూడా తీయలేదు. వచ్చే నెల బ్యాంకు క్యూలో నిలబడాలి. అంటే సగం పూట చింతపండు కూలి పోయినట్టే, కిలోల లెక్కన ఇచ్చే కూలి కదా. ఆమె కాసేపు లెక్క వేసుకుని, తాళం వెయ్యి అన్నది.

అల్లుడు ఆధార్ నంబరు కొట్టాడు. ఓటీపీ తిరుప్పూరుకు పోయింది.

అత్త: ఓటీపీ ఎవరడిగినా చెప్పద్దని పండక్కి వచ్చినప్పుడు వాడికి నువ్వే కదా నాయనా చెప్పింది. ఇప్పుడు నీకు చెప్తాడా?

అల్లుడు: నాకు వద్దత్తా. మీకే చెప్పమనండి. మీరే కొట్టండి.

రెండుసార్లు మోగాక ఎత్తాడు. టీ వేళ. వెనక మిషన్ల హోరు. ఆమె ఫోను చెవికి పెట్టుకుని అంకెలు ఒక్కొక్కటే తెలుగులో పైకి చెప్పుకుంటూ, రెండో చేత్తో అల్లుడి ఫోను మీద నొక్కసాగింది. నాలుగు పడ్డాయి. ఐదోది పడలేదు. వేలి మీద చింతపండు జిగురు. అల్లుడు ఏదో అనబోయి, నోటి దాకా వచ్చిన మాటను మింగేసి, తన చొక్కా అంచుతో ఆమె వేలు తుడిచాడు. ఆమె మళ్ళీ నొక్కింది.